ముత్తయ్య ఇవ్వని రక్తపు చుక్క

2024 మే 18, శనివారం, ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలకు, సుక్మా జిల్లా కిష్టారం అవతలి అడవిలో ఉన్న రేలపాడు అనే పల్లెలో, సున్నం ముత్తయ్య అనే రైతు అప్పటిదాకా చాచి ఉంచిన చేతిని వెనక్కి తీసుకున్నాడు. ప్రభుత్వ ఆరోగ్య బృందంగా వచ్చిన మేము అతని వేలి నుంచి తీసుకోవలసింది ఒక్క చుక్క రక్తం. మలేరియా పరీక్షకు అంతే చాలు.

సూది పట్టుకున్న నాగమ్మ ఆ ఊరి మితానిన్. ఊరి ఆరోగ్యం చూసుకునే ఊరి ఆడమనిషిని ఇక్కడ అలా పిలుస్తారు. ఆమె అతన్ని ఆటపట్టించి చూసింది. చీమ కుట్టినంత కూడా నొప్పి ఉండదనీ, పోయిన వారం అతని కూతురే ఇంతకంటే ధైర్యంగా ముల్లు తీయించుకుందనీ అంది. ముత్తయ్య నవ్వలేదు, కోప్పడలేదు. "నేను ఇయ్య" అని చెప్పి, కుడికాలు కొంచెం ఈడ్చుకుంటూ దొడ్లోకి వెళ్లిపోయాడు.

మా నాన్న విజయనగరం వైపు నుంచి వచ్చి కిరండూల్ రైలు లైనులో పట్టాలు చూసే కీమాన్‌గా పనిచేశారు. మాకు ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, చర్చిలో రెండూ. గోండీ, దోర్లీ భాషలను ఉద్యోగం నేర్పింది. ఆరోగ్య కార్యకర్తగా చేరి, పర్యవేక్షకురాలినై, ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసు తరువాత యాభై నాలుగో ఏట స్వచ్ఛందంగా విరమించుకున్నాను. కొత్తగా ఈ పనిలో చేరేవారు సుక్మాలో కనబడినప్పుడు ప్రమోషన్ల గురించి అడుగుతారు. వాటి సంగతి ఆఫీసులో ఎవరైనా చెబుతారు. వారు అడగని ఒక సంగతి ఇక్కడ రాస్తున్నాను. ఒక మనిషి వద్దన్నప్పుడు, ఆ వద్దన్న మాట వల్ల పక్కింటి పిల్లకు ప్రమాదం రాగలిగినప్పుడు, ప్రభుత్వం ఏం చేయాలి? దీనికి నా దగ్గర సూత్రం లేదు. జరిగింది ఉంది.

జ్వరం లేని మలేరియా

మా అడవుల్లో మలేరియా అంటే చలి, వణుకు, మంచం అనుకుంటే పొరపాటు. ఎన్నో ఏళ్లుగా కుడుతున్న దోమలకు అలవాటుపడిన పెద్దవాళ్ల ఒంట్లో మలేరియా పురుగు జ్వరం రాకుండానే కాపురం ఉంటుంది. మనిషి పొలం దున్నుతాడు, ఇప్పపువ్వు ఏరుతాడు, పెళ్లిలో ఆడతాడు. అతన్ని కుట్టిన దోమ పక్కింటి పసిదాన్ని కుడితే మాత్రం ఆ పిల్లకు మూర్ఛలు వస్తాయి. అందుకని వానలకు ముందే ఊరంతటినీ, జబ్బు ఉన్నా లేకపోయినా, పరీక్షించాలి. పురుగు కనబడినవారి చేత మా కళ్ల ముందే తొలి మోతాదు మింగించాలి.

రేలపాడులో ముప్పై రెండు ఇళ్లు, నూట నలభై ఎనిమిది మంది జనం. ఆ శని, ఆదివారాల్లో నూట నలభై ఐదు మందికి పరీక్ష జరిగింది. మిగిలినవారు ముత్తయ్య, అతని భార్య సమ్మక్క, తొమ్మిదేళ్ల కూతురు. ఇంటాయన కాదన్నాక తామిద్దరూ ఇవ్వడం బాగుండదని సమ్మక్క అంది.

ఇలాంటివారిని మా కాగితాల్లో 'ఊళ్లో లేరు' అని చూపడం చాలామందికి అలవాటు. నేను అలా చూపలేదు, చూపనివ్వలేదు. ఊళ్లో ఉండి వద్దన్న మనిషిని లేడని రాస్తే, అతని మాటను కూడా లేకుండా చేసినట్టే.

గది లోపల, గది బయట

సోమవారం బ్లాకు ఆస్పత్రిలో సమీక్ష జరిగింది. అప్పటి మా పెద్ద డాక్టరు బిలాస్‌పుర్ వైపువారు, నలభై ఏళ్ల మనిషి. ఆయనను చెడ్డవాడిగా చిత్రించడం సులభం, కాని అన్యాయం. అంతకు ముందటి వానాకాలంలో ఆయన చేతుల్లోనే ఇద్దరు పిల్లలు పోయారు. ఆ తరువాత ఆయనకు నూటికి తొంభై ఎనిమిది అన్న మాట వినబుద్ధి కాలేదు.

ఊరి పెద్ద అయిన పటేల్‌తో మాట్లాడండి, పంచాయితీ పెట్టించండి, ముత్తయ్యను ఊరే ఒప్పిస్తుంది అన్నారు ఆయన. నేను ఒప్పుకోలేదు. చాలా ఏళ్ల క్రితం తర్లగూడ వైపు పనిచేస్తున్నప్పటి సంగతి చెప్పాను. అప్పటి మా అధికారి ఒక వారపు సంత దగ్గర దారికి అడ్డంగా వెదురుబొంగు కట్టించి, రక్తం ఇచ్చినవారినే బయటికి వదిలాడు. ఆ రోజు లెక్క ఘనంగా వచ్చింది. మరుసటి వారం సంతలో మేమూ, ఉప్పు అమ్మే ఇద్దరూ తప్ప ఎవరూ లేరు. జనమంతా తెలంగాణ వైపు సంతకు మళ్లారు. బలవంతం ఒకసారి పనిచేస్తుంది, రెండోసారి మనిషే దొరకడు అన్నాను.

డాక్టరుగారు విన్నారు. విని, "మేడం, సంత దగ్గర బొంగు కట్టింది సర్కారు. ఇక్కడ అడిగేది వాళ్ల ఊరే. తేడా లేదా?" అన్నారు. తేడా ఉందని గదిలో ఉన్న ఏడుగురిలో ఐదుగురు అన్నారు. నా మాట ఓడిపోయింది.

రెండు రోజుల తరువాత పటేల్ కట్టం లచ్చయ్య ముందు నేను 'డాక్టరుగారు ఇలా అన్నారు' అనలేదు. 'మేము ఇలా అనుకున్నాం' అన్నాను. ఈ విషయంలో నా అభిప్రాయం ఈనాటికీ మారలేదు. గది లోపల ఎంతైనా వాదించవచ్చు, వాదించాలి. బయటికి వచ్చి, నేను మంచిదాన్నే, పైవాళ్లే ఇలా అన్నారని చెప్పుకునే ఉద్యోగి ఊరికి ఏ సాయమూ చేయదు, తన ముఖం మాత్రం కాపాడుకుంటుంది. అయితే 'మేము' అన్న మాటకు తరువాత ఖర్చు ఉంటుంది. అది కూడా మనమే పెట్టుకోవాలి.

విత్తనాల పండుం

లచ్చయ్యకు దోమ సంగతి నేను అనుకున్నదానికంటే త్వరగా అర్థమైంది. "పండుం గాకముందు ఒక్కడు మామిడికాయ కొరికితే పులి వానొక్కని గొడ్డు మీదనే పడదు గదా. ఊరందరి గొడ్ల మీద పడతది. నీ దోమ గూడ గట్లనే" అన్నాడు.

పండుం అంటే పండుగ అనే అర్థం, కాని ఇక్కడ అది అనుమతి కూడా. మామిడి పండుం అయ్యేదాకా కొత్త మామిడి తినరాదు. విత్తనాల పండుం అయ్యేదాకా పొలంలో గింజ పడరాదు. ఆ రోజు ప్రతి ఇల్లూ ఆకుదొప్పలో కాసిని విత్తనాలు తెచ్చి ఊరి తల్లి దగ్గర పెడుతుంది. పూజారి అన్నిటినీ ఒక్క కుప్పగా కలిపి, ఇంటికి ఒక పిడికెడు తిరిగి ఇస్తాడు. ఆ పిడికెడు ముందు చల్లాకే మిగతా విత్తనం. ఆ పిడికెడు లేనివాడు విత్తకూడదు. విత్తితే పక్క పొలంవాడు కూడా ఒప్పుకోడు, ఎందుకంటే వాన తప్పితే ఆ తప్పు అందరి నెత్తినా పడుతుంది.

మే 26న పండుం జరిగింది. నాగమ్మ మరునాడే సరుకుల కోసం బ్లాకుకు వచ్చి సంగతి చెప్పింది. ముత్తయ్య తెచ్చిన దొప్పను పూజారి కుప్పలో కలపలేదు. సూది పొడిపించుకుని రమ్మని పక్కన పెట్టాడు. ముత్తయ్య తన దొప్ప తీసుకుని ఇంటికి వెళ్లాడు. అతనికి ఉన్నది రెండెకరాల మిట్ట. సామలు, కొర్రలు, కాస్త నువ్వులు. తొలి వాన అదను తప్పితే ఆ ఇంట్లో ముగ్గురికీ ఏడాది తిండి తప్పుతుంది.

డాక్టరుగారికి చెబితే ఆయన ముఖం విప్పారింది. పద్ధతి బాగుందనీ, మిగతా మొండి ఊళ్లలో కూడా పండుం జరిగేలోపల మాట్లాడమనీ అన్నారు. పిడికెడు గింజల కోసమైనా ఆ మనిషి వారంలో వస్తాడని ఆయన అంచనా. వారం గడిచింది, ముత్తయ్య రాలేదు.

తాడిచెట్టు

జూన్ 3న నాగమ్మను వెంటబెట్టుకుని ముత్తయ్య ఇంటికి వెళ్లాను. చేతిలో కిట్టు, సంచి ఏమీ లేకుండా వెళ్లాను. అతను వాకిట్లో వెదురు చీలుస్తున్నాడు. కూర్చోమనలేదు. సమ్మక్క మంచం వాల్చి, అతను చెప్పని సంగతి తాను చెప్పింది.

రెండేళ్ల క్రితం కూడా పరీక్షలు జరిగాయి. అప్పుడు వచ్చిన బృందం మాది కాదు, పక్క సెక్టారుది. జనం అడవికి పోకముందే పట్టుకోవాలని తెల్లవారకముందే ఊళ్లోకి వచ్చారు. ముత్తయ్య రక్తంలో పురుగు కనబడింది. అక్కడే నిలబెట్టి గోలీలు మింగించారు. తిన్నావా అని అడగలేదు, ఏం పని చేస్తావని అడగలేదు. అతను తాడిచెట్టు ఎక్కే మనిషి. కల్లు కుండలు తెల్లారేసరికి దించాలి. ఖాళీ కడుపుతో గోలీలు మింగి, నేరుగా చెట్టు దగ్గరికి వెళ్లాడు. సగం ఎక్కేసరికి కళ్లు తిరిగి కింద పడ్డాడు.

ఎముక అతికింది గాని కాలు వంకర పోయింది. అతని చెట్లు ఇప్పుడు తమ్ముడు ఎక్కుతున్నాడు.

ఇన్ని ఏళ్లలో ఈ ప్రశ్న మా శిక్షణలో ఎవరూ లేవనెత్తలేదు. భోజనం తరువాత ఇవ్వాలని పుస్తకంలో ఉంది. కాని తెల్లవారుజామున తాడిచెట్లు ఎక్కే ఊళ్లో తెల్లవారుజామునే గోలీలు పంచితే ఏమవుతుందో ఏ పుస్తకంలోనూ లేదు. ఇది ఇక్కడ, ఈ చెట్ల మధ్య మాత్రమే జరగగల పొరపాటు.

ముత్తయ్య అప్పుడు తల ఎత్తాడు. "ఊరికి మంచిదని అప్పుడు నా కాలు ఇచ్చిన. ఇప్పుడు ఊరికి మంచిదని నెత్తురు గూడ ఇయ్యాల్నా? ఇంకో ఇంటిని అడుగున్రి."

చెట్టు ఎక్కేవాళ్లకు చెట్టు దిగి తిన్న తరువాతే ఇవ్వాలనీ, మేము ఆ పొద్దు అలా ఇవ్వలేదనీ చెప్పాను.

"ఆ పొద్దు నువ్వు రాలే గదా" అన్నాడు.

"రాలేదు. అయినా మేమే."

అతను చేతిలో ఉన్న వెదురు చీల్చడం పూర్తిచేశాడు. తరువాత సమ్మక్కతో నీళ్లు ఇమ్మన్నాడు. నేను రక్తం మాట ఎత్తలేదు. లేచేటప్పుడు అతనే అన్నాడు. తాను ఇవ్వననీ, అయితే దోమతెర కట్టుకుంటాననీ, ఇంట్లో మందు చల్లనిస్తాననీ. సమ్మక్క, కూతురు ఇస్తారో లేదో వాళ్లనే అడగమన్నాడు. ఆమెకు ఒళ్లు ఉంది, నోరు ఉంది అన్నాడు.

సమ్మక్క వెంటనే ఒప్పుకోలేదు. "అన్నం తిన్నంక వస్త. ఆ దినం మీరెవరూ నాకు పని జెప్పొద్దు" అంది. నాగమ్మ ఆ దినం తానే వచ్చి వంట చేస్తానంది. ఆ వంట తినే కంటే జరమే నయమని సమ్మక్క అన్నప్పుడు ముత్తయ్య కూడా నవ్వాడు.

మళ్లీ గదిలోకి

మరునాడు డాక్టరుగారితో, ముత్తయ్య విత్తనాలపై ఊరు పెట్టిన అడ్డు తీయించాలన్నాను. ఆయన జవాబు నేను ఎదురుచూసిందే. అది ఊరు తీసుకున్న నిర్ణయం, వాళ్ల ఆచారం, గ్రామసభ విషయంలో మనం వేలు పెట్టకూడదు అన్నారు.

"వేలు పెట్టింది మనమే సార్. తీయాల్సింది కూడా మనమే" అన్నాను.

ఆయన కోపంగా, ఆ మనిషి వల్ల ఒక పిల్ల పోతే బాధ్యత ఎవరిదని అడిగారు. మనదేనన్నాను. అతను పస్తు ఉన్నా మనదే. ఆ రెంటిలో మొదటిది జరగవచ్చు, జరగకపోవచ్చు. రెండోది మాత్రం మనమే చేయిస్తున్నాం, జూన్ నెలలో, కళ్ల ముందు. ఊరు అనేది తన మనుషుల మీద దేనికైనా ఒత్తిడి తెచ్చుకోవచ్చు, అది వాళ్ల జీవితం. కాని సర్కారు తనకు చేతకాని బలవంతాన్ని ఊరి చేత చేయించి, తరువాత ఊరి స్వేచ్ఛ అనకూడదు. సంత దగ్గర బొంగు కట్టిన అధికారి కనీసం తన చేత్తో కట్టించాడు.

ఆ రోజు ఆయన ఏమీ తేల్చలేదు. ఏడో తేదీన తొలి వాన పడింది. ఎనిమిదిన రేలపాడు విత్తడం మొదలుపెట్టింది. ముత్తయ్య మిట్ట మాత్రం ఖాళీగా ఉందని నాగమ్మ కబురు పంపింది. ఆ కబురు ఆయనకు వినిపించాను. పన్నెండో తేదీ పొద్దున ఆయన తానే బయలుదేరారు. చివరి కొంత దారి బురద కావడంతో మోటారు సైకిలు వదిలి నడిచారు.

పటేల్ వాకిట్లో ఇరవై మంది పోగయ్యారు. డాక్టరుగారు హిందీలో మాట్లాడారు, నాగమ్మ దోర్లీలో చెప్పింది. ముత్తయ్య కాలు పాడవడం ఆస్పత్రి తప్పు అన్నారు. అతని విత్తనాలు ఆపమనడం ఆస్పత్రి కోరిక కాదు, అలా అర్థమయ్యేలా మాట్లాడి ఉంటే అదీ మా తప్పే అన్నారు. నేను గమనించిన సంగతి, ఆయన కూడా 'మేము' అన్నారు.

లచ్చయ్య నవ్వుతూ అడిగాడు. "సాబ్, పోయిన నెల వాన్ని ఇడవద్దన్నరు. ఈ నెల ఇడవమంటున్నరు. మీ సర్కారు దేవుడు నెలకోపారి మారతడా ఏంది?"

అందరూ నవ్వారు. డాక్టరుగారు కూడా నవ్వి, మా దేవుడికి బదిలీలు ఎక్కువ అన్నారు.

కాని విషయం నవ్వుతో తేలలేదు. పండుం అయిపోయింది, కుప్ప పంచేశారు, మళ్లీ కలపడానికి లేదు. పూజారి ఆ మాట మీదే ఉన్నాడు. చివరకు దారి లచ్చయ్యే చెప్పాడు. పండుం నాటికి పురిట్లో ఉన్న ఇంటికో, ఊళ్లో లేని ఇంటికో మిగతా ఇళ్లు తమ పిడికిట్లోంచి చిటికెడు చొప్పున ఇవ్వడం పాత పద్ధతేనట. ముత్తయ్య ఇంటిని అలా ఎంచవచ్చు. అయితే ఇవ్వమని తాను ఎవరినీ ఆజ్ఞాపించనన్నాడు. ఇచ్చేవాళ్లు ఇస్తారు.

ముత్తయ్యది కాక ముప్పై ఒక్క ఇళ్లు. చాలామంది తమ పిడికెడు అప్పటికే చల్లేశారు. గంపల అడుగున, చీర కొంగుల్లో వెతికి తెచ్చారు. ఇరవై ఎనిమిది ఇళ్ల నుంచి చిటికెడు చొప్పున రావడానికి ఐదు రోజులు పట్టింది. మూడు ఇళ్లు ఇవ్వలేదు. మూడింట్లోనూ పసిపిల్లలు ఉన్నారు. వాళ్లను ఎవరూ బలవంతపెట్టలేదు, కారణం అడగలేదు. ముత్తయ్య కూడా అడగలేదు. జూన్ 17న అతను విత్తాడు.

ఆగస్టు

ఇక్కడితో ఆపితే ఇది మంచి కథ అవుతుంది. ఆగస్టులో ఆ మూడు ఇళ్లలో ఒక ఇంటి నాలుగేళ్ల పిల్లకు మలేరియా వచ్చింది. మంచం మీద మోసుకుని రోడ్డు దాకా తెచ్చారు. ఆస్పత్రిలో రెండు రోజులు స్పృహ లేదు. మూడో రోజు కళ్లు తెరిచి నీళ్లు అడిగింది.

ఆ పురుగు ముత్తయ్య ఒంట్లోంచి వచ్చిందని ఎవరూ చెప్పలేరు. రాలేదనీ చెప్పలేరు. అతను పరీక్ష ఇవ్వలేదు, అతని ఒంట్లో ఉందో లేదో అతనికే తెలియదు. పొరుగూళ్ల నుంచి వచ్చిపోయేవారు ఉన్నారు, అడవిలో పడుకునేవారు ఉన్నారు. ఇదంతా నేను ఆ తల్లికి చెప్పాను. ఆమె పిల్ల తల నిమురుతూ విన్నది.

"ముత్తయ్య మాట నిలబెట్టినవు సిస్టరమ్మా, మంచిదే" అంది. "నా బిడ్డ జరం ఎవల లెక్కల రాస్తవు?"

మా లెక్కలోనే అని అనవచ్చు. డాక్టరుగారితో అన్నాను కూడా. గదిలో అనడం వేరు, ఆ మంచం పక్కన అనడం వేరు. ఆమె ఆ తరువాత నాతో పని ఉన్నంతవరకే మాట్లాడింది.

ఈ ఉద్యోగంలోకి వచ్చేవారికి చెప్పేది ఇదే. ఒకరికి తన ఒంటి మీద ఉన్న హక్కూ, ఊరి పిల్లల ప్రాణమూ తక్కెడలో సమంగా తూగవు. ఏదో ఒకటి బరువవుతుంది. ఆ బరువు మోసేవారు ఎదురుగా నిలబడి అడుగుతారు. అటువంటప్పుడు నియమం పేరో, ఊరి పేరో, పైవారి పేరో చెప్పి తప్పుకోకూడదు. ముత్తయ్యను బలవంతపెట్టకపోవడం సరైనదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. ఆ తల్లి నన్ను క్షమించవలసిన అవసరం లేదనీ అనుకుంటున్నాను.

మిగిలిన లెక్క

పోయినవి: ముత్తయ్య కుడికాలి బలం, దానితో అతని తాడిచెట్లు. తొమ్మిది రోజుల అదను, దాని వల్ల నువ్వుల పంట మొత్తం, సామల్లో సుమారు మూడో వంతు. ఆ బ్లాకుకు ఆ ఏటి పరీక్షల్లో నూటికి నూరు. ఒక తల్లికి నా మీద ఉన్న నమ్మకం.

నిలిచినవి: సామల్లో మిగతా భాగం, కొర్రలు. సమ్మక్క పరీక్ష, పురుగు కనబడింది, అన్నం తిన్న తరువాత మందు మింగి మూడు రోజులు పూర్తి చేసింది. కూతురిది కూడా జరిగింది, ఏమీ లేదు. చెట్లు ఎక్కేవారికి చెట్టు దిగి, తిన్న తరువాతే మందు అన్న పద్ధతి ఆ బ్లాకు మొత్తంలో అమలయింది. ఆ నాలుగేళ్ల పిల్ల బతికింది. మరుసటి ఏడాది రేలపాడులో మా బృందాన్ని చూసి ఎవరూ తలుపు వేసుకోలేదు. నూట యాభై ఒక్క మందిలో నూట యాభై మంది చేయి చాచారు.

ముత్తయ్య ఇవ్వలేదు.